మీకు తెలుసా? జేబులో కాఫీ కూజా, గోడ మీద అరటిపండు!

మీరు ఎమిరేట్స్‌లో ఉంటే జేబులోంచి ఒక దిర్హమ్ నాణెం తీసి చూడండి. ముక్కు సాగిన కాఫీ కూజా కనిపించిందా? అదే దల్లా! పళ్లు, పూలు, గిన్నెలు, సీసాలు లాంటి కదలని వస్తువుల బొమ్మని చిత్రకారులు స్టిల్ లైఫ్ అంటారు కదా, ఆ లెక్కన ఈ దేశంలో ప్రతివాళ్లూ ఒక స్టిల్ లైఫ్‌ని జేబులో వేసుకుని తిరుగుతున్నట్టే!

మిగతా చిల్లర కూడా తీయండి. 50 ఫిల్స్ మీద చమురు తోడే డెరిక్కులు, 25 ఫిల్స్ మీద జింక. డెరిక్కులకి పనుంది, జింకకి పరుగుంది. చెప్పినచోట బుద్ధిగా కూర్చునేది కూజా ఒక్కటే!

అబుదాబిలోని అల్ ఇత్తిహాద్ స్క్వేర్‌లో తలెత్తి చూడాల్సినంత పెద్ద కాఫీ కూజా, పన్నీరు బుడ్డి, ధూపపాత్ర, భోజనం మీద బోర్లించే మూత ఉన్నాయి. వాటి వరసలోనే ఒక ఫిరంగి, ఒక కోట కూడా! ఏ దేశమైనా కూడలిలో రాజుల్నీ గుర్రాల్నీ నిలబెడుతుంది. ఇక్కడ వంటింటి సామానుకి ఆ గౌరవం దక్కింది.

ఫుజైరాలో ఏకంగా ఒక రౌండెబౌట్‌కే కాఫీ కూజా పేరు! మధ్యలో పెద్ద దల్లా ఉంటుంది, కార్లన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఈ కూజాకి ఇంత పలుకుబడి ఊరికే రాలేదు: అరబ్బుల కాఫీ మర్యాదని యునెస్కో 2015లో ప్రపంచ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు అసలు వింత! అబుదాబి లూవ్ర్ మ్యూజియం గోపురం బరువు సుమారు 7,500 టన్నులు. ఈఫిల్ టవర్‌లోని ఇనుము మొత్తం తూచినా సుమారు 7,300 టన్నులే! 180 మీటర్ల వెడల్పు, 7,850 నక్షత్రాల అల్లిక ఉన్న ఆ గోపురమున్న మ్యూజియం దాచుకున్న నిధుల్లో ఏమున్నాయో తెలుసా? ఒక సంచీ, కాసిని వెల్లుల్లిపాయలు! ఎదువార్ మానే 1861–62లో వేసిన స్టిల్ లైఫ్ అది.

ఆ వెల్లుల్లికి పెద్ద కథే ఉంది. మానే మొదట జిప్సీల బొమ్మ ఒకటి పెద్ద కాన్వాసు మీద వేశాడు. తర్వాత ఏమనుకున్నాడో, కత్తి తీసుకుని దాన్ని తనే ముక్కలు చేశాడు! జిప్సీ మనిషి ఉన్న ముక్క ఒకటి, నీళ్లు తాగే కుర్రాడి ముక్క ఒకటి, సంచీ–వెల్లుల్లి ముక్క ఒకటి మిగిలాయి. కుర్రాడు షికాగో చేరాడు. జిప్సీ, వెల్లుల్లి మాత్రం నూట యాభై ఏళ్లు గడిచాక అబుదాబిలో ఒకే కప్పు కిందికి వచ్చాయి. చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయినవాళ్లు గల్ఫ్‌లో కలుసుకోవడం మనకి కొత్తా ఏమిటి!

మానే గడుసుతనం ఇంకొకటి వినండి. 1880లో ఆయన ఆస్పరాగస్ కట్ట బొమ్మ ఒకటి వేసి 800 ఫ్రాంకులకి అమ్మాడు. కొన్న పెద్దమనిషి షార్ల్ ఎఫ్రుసీ ఉదారంగా 1,000 పంపాడు. చిల్లర వెనక్కివ్వడానికి బదులు మానే ఒకే ఒక్క ఆస్పరాగస్ కాడ బొమ్మ వేసి, మీ కట్టలోంచి ఇదొకటి జారిపోయిందంటూ చీటీ రాసి పంపాడు!

ఆ ఒంటికాడ బొమ్మ ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లు. 2018లో తెరిచిన దుబాయ్ ఫ్రేమ్ ఎత్తు 150 మీటర్లు. అంటే ప్రపంచంలోకెల్లా పెద్దదైన ఈ పటం చట్రంలో, కింద నుంచి పైదాకా మానే బొమ్మలు 880కి పైగా పేర్చవచ్చు! పోనీ మనవాళ్ల లెక్క కావాలా? చార్మినార్ మీద చార్మినార్ నిలబెట్టినా దుబాయ్ ఫ్రేమ్‌లో పైన ఇంకా జాగా మిగులుతుంది.

చెప్పులు మ్యూజియంలోకి వెళ్లాలంటే కాళ్లకి ఉండాలి కదా? అక్కర్లేదు! ఎమిరేట్స్ ఆధునిక కళకి ఆద్యుడు హసన్ షరీఫ్ (1951–2016) 2009లో బజారు రబ్బరు చెప్పుల్ని తీగతో కట్టి గుట్టపోసి దాన్నే కళాఖండం చేశాడు. పేరు కూడా దాచకుండా ‘చెప్పులు, తీగ’ అనే పెట్టాడు!

షరీఫ్ స్టూడియోకి సరుకంతా మామూలు బజారు నుంచే వచ్చేది: చెంచాలు, గిన్నెలు, అట్టపెట్టెలు, కొబ్బరిపీచు, గుడ్డపేలికలు, రాగితీగ. చమురు డబ్బు వచ్చాక ఊళ్లో కుప్పలు తెప్పలుగా పడిన చవక సరుకుని చూసి, దాన్ని కొంటూ, చుడుతూ, ముడివేస్తూ ముప్పై ఏళ్లు గడిపాడు. ఆయన వేసిన ముడులు లెక్కపెట్టే ఓపిక మీకుందా? నాకు లేదు!

ఇంతాచేసి ఆయన తొలి పేరు కార్టూనిస్టుగా! 1970ల్లో పత్రికలకి కార్టూన్లు వేసి, ఆ తర్వాత లండన్ వెళ్లి చదువుకుని వచ్చి ఈ ముడుల పని మొదలుపెట్టాడు. ఆయన పోయాక 2017లో షార్జాలో పెట్టిన పెద్ద ప్రదర్శన బెర్లిన్‌కీ, స్వీడన్‌లోని మాల్మోకీ, ఫ్రాన్స్‌కీ వెళ్లింది. బజారు చెప్పులు యూరప్ తిరిగొచ్చాయన్నమాట!

షరీఫ్ మెచ్చిన గురువు మార్సెల్ దుషాంప్. ఆయన 1914లో సీసాలు ఆరబెట్టే ఇనుప స్టాండు ఒకటి కొని, ఇదే శిల్పం అన్నాడు. ఆయన అమెరికాలో ఉండగా పారిస్‌లో చెల్లెలు గది శుభ్రం చేస్తూ దాన్ని చెత్తలో పారేసింది! ఇరవయ్యో శతాబ్దపు కళని మలుపు తిప్పిన వస్తువు మరి. ఇల్లు సర్దేవాళ్లకి అదంతా ఎవరు చెప్పొచ్చారు?

తాడుతో కళ అంటే గుర్తొచ్చింది: 1912లో పికాసో ఒక స్టిల్ లైఫ్‌కి చెక్క ఫ్రేము బదులు తాడు చుట్టాడు! కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని బొమ్మలో అంటించాడు కూడా. అతుకుల బొమ్మలకి, అంటే కొలాజ్‌కి, అదే శ్రీకారం.

వస్తువుని కంటితో చూస్తాం, చేత్తో తాకుతాం. నాలుకతో? షరీఫ్ శిష్యుడు మొహమ్మద్ కాజెమ్ 1990ల్లో ఇంట్లో వస్తువుల రంధ్రాల్లో నాలుక పెట్టి ఫొటోలు తీయించుకున్నాడు! వస్తువుని తెలుసుకోవడానికి పసిపిల్లలు చేసే పనే ఇది. పెద్దవాడు చేస్తే మ్యూజియంకెక్కింది.

చదువురాని అమ్మ కొడుక్కి ఉత్తరాలు రాస్తుందా? రాసింది! ఖోర్ ఫక్కాన్ ప్రాంతపు కళాకారుడు అబ్దుల్లా అల్ సాదీ (పుట్టింది 1967లో) స్టూడియోకి వాళ్లమ్మ వచ్చేది. కొడుకు లేకపోతే చేతికందిన వస్తువొకటి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేది. వచ్చాను, నువ్వు లేవు అని దాని అర్థం. రాయడం రాని ఆవిడ అలా పెట్టి వెళ్లిన వస్తువుల్ని కొడుకు ఒక్కటీ పారేయకుండా ఏళ్ల తరబడి దాచి, ‘మా అమ్మ ఉత్తరాలు’ అనే పేరుతో ప్రదర్శించాడు. ఈ జాబితా మొత్తంలో నాకు బాగా నచ్చినది ఇదే, మొహమాటం లేకుండా చెబుతున్నా.

ఆ అల్ సాదీయే చిలగడదుంపల మీద మనసుపడి వాటిని వరసగా బొమ్మలేశాడు! గడ్డకో ఒంపు, గడ్డకో ముడత. నిజంగానే ఏ రెండూ ఒకేలా ఉండవు. నమ్మకం కుదరకపోతే ఈసారి కూరకి తరిగేముందు ఒక్క నిమిషం చూడండి.

2024 వెనిస్ బినాలే కళాప్రదర్శనలో ఎమిరేట్స్ మంటపమంతా ఆయనదే. ప్రయాణాల్లో వేసిన బొమ్మల్ని, రాతల్ని, రంగు పూసిన రాళ్లని ఆయన రేకు డబ్బాల్లో భద్రం చేస్తాడు. మనం డబ్బా తెరిస్తే బిస్కెట్లు ఉంటాయనుకుంటాం. ఆయన డబ్బా తెరిస్తే ఊరి కొండలు బయటికొస్తాయి!

ఖోర్ ఫక్కాన్‌లోనే పుట్టిన మొహమ్మద్ అహ్మద్ ఇబ్రహీం 2022లో వెనిస్‌కి 128 శిల్పాలు తీసుకెళ్లాడు! అన్నీ కాగితపు గుజ్జువే. అందులో టీ, కాఫీ, పొగాకు కూడా కలుపుతాడు. ఆ వరస ఒక చివర రంగురంగులుగా మొదలై రెండో చివరికి నలుపు తెలుపుల్లో ముగుస్తుంది. ఎందుకంటారా? ఆ ఊళ్లో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, కానీ పడమట కొండలు అడ్డం కాబట్టి అస్తమయం రంగులు ఊరివాళ్లకి కనిపించవు.

ఎమిరేట్స్ హోటల్ అనగానే 321 మీటర్ల బుర్జ్ అల్ అరబ్ గుర్తొస్తుంది కదా? 2009లో దేశం తరఫున మొట్టమొదటిసారి వెనిస్‌కి వెళ్లిన లమ్యా గర్గాష్ ఫొటోలు తీసింది ఒక్క నక్షత్రం హోటళ్ల గదుల్ని! మనిషి జాడే ఉండదు. పరుపు, కర్టెన్, పూల దుప్పటి, ఓ మూల కుర్చీ. అతిథి వెళ్లిపోయాక గది ఎవరిదో వస్తువులే చెబుతాయని ఆవిడకి తెలుసు.

న్యూయార్క్‌లో బస్సు కోసం ఎదురుచూస్తూ అబుదాబి అమ్మాయి తీసిన ఫొటోలు చూసిన రోజులున్నాయి! 1991లో పుట్టిన ఫరా అల్ కాసిమీ ఫొటోలు 2020లో అక్కడ 100 బస్ షెల్టర్లలో వెలిశాయి. మెరుపుల గుడ్డలు, పూల డిజైన్లు, దుకాణాల తళుకులు ఆవిడ ఇష్టసఖులు.

ఇంకో ప్రశ్న. గాలి నింపిన మెత్తటి దిండులా ఉంటుంది, తల పెడితే బొప్పి కడుతుంది, ఏమిటది? ఎమిరేట్స్ శిల్పి షేఖా అల్ మజ్రూ ఉక్కు శిల్పం! లోహాన్ని గాలి దిండులా ఉబ్బినట్టు చూపించడం ఆవిడ ప్రత్యేకత.

స్టీలు సామాను మాట వచ్చింది కాబట్టి మన దేశానికి ఒక్క గంతు. సుబోధ్ గుప్తా 2006లో స్టీలు పాత్రలతో బ్రహ్మాండమైన పుర్రె ఒకటి చేశాడు! 2007లో దాన్ని వెనిస్‌లోని గ్రాండ్ కెనాల్ ఒడ్డున పెట్టారు. పెళ్లికి పేర్లు చెక్కించి ఇచ్చే గిన్నెలకి అంత దూరం వెళ్లే యోగం ఉందని ఏ పెద్దమ్మా ఊహించి ఉండదు.

హైదరాబాద్ చిత్రకారుడు సూర్యప్రకాశ్ తొలినాళ్లలో దేన్ని వేశాడో తెలుసా? తుక్కు కింద పడేసిన కార్లని! తర్వాత ప్రకృతి దృశ్యాలతో పేరు తెచ్చుకున్నాడు గానీ, తుప్పులోనూ రంగులుంటాయని ముందే పట్టేశాడు.

స్టిల్ లైఫ్ ఒకప్పుడు వెనక బెంచీ విద్యార్థి! పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి రాచ అకాడెమీ లెక్కలో చరిత్ర ఘట్టాలది పై పీట, పళ్లూ పూలది అట్టడుగు పీట. ప్రాణమున్న మనిషిని వేయడమే గొప్ప, ప్రాణం లేని గిన్నెదేముంది అని వాళ్ల వాదన.

ఆ వెనక బెంచీవాడు 1999లో ఏం చేశాడో చూడండి. సెజాన్ వేసిన ఒక తెర, ఒక కూజా, ఒక పళ్ల గిన్నె ఉన్న బొమ్మ 6 కోట్ల 5 లక్షల డాలర్లకి అమ్ముడైంది! దిర్హమ్‌లలో 22 కోట్ల పైచిలుకు. పళ్ల బొమ్మలకి అంతకుముందు ఎవరూ అంత ఇవ్వలేదు.

సెజాన్ బొమ్మ పూర్తిచేసేలోపు ఆపిల్స్ కుళ్లిపోయేవి! అంత నిదానం మనిషి. పూలు వాడిపోతుంటే చివరికి కాగితం పూలు తెచ్చి పెట్టుకున్నాడు.

ఒక బుట్టెడు స్ట్రాబెర్రీలు ఎంత ఉండొచ్చు? 2 కోట్ల 44 లక్షల యూరోలు! 1761 నాటి షార్డాన్ బొమ్మ 2022లో పారిస్ వేలంలో పలికిన ధర అది. ఆ బుట్ట అమెరికా వెళ్లిపోకుండా ఫ్రాన్స్ ఆపింది. వేలమంది మామూలు జనం తలా కాస్త చందా వేసి పారిస్ లూవ్ర్‌కి దక్కేలా చేశారు.

ఆ లూవ్ర్ సైతం 2022లో ‘వస్తువులు’ పేరుతో స్టిల్ లైఫ్‌కి పెద్ద పండగ చేసింది. ఫ్రాన్స్‌లో అలాంటి భారీ ప్రదర్శన అంతకుముందు జరిగింది 1952లో, అంటే 70 ఏళ్ల విరామం!

పక్షుల్ని మోసం చేసిన చిత్రకారుడు ఎవరు? గ్రీకు వాడు జ్యూక్సిస్! ఆయన వేసిన ద్రాక్షగుత్తుల్ని పక్షులు వచ్చి పొడిచాయని రోమన్ పండితుడు ప్లీనీ రాశాడు. ఆ గర్వంతో పోటీదారు పర్హాసియస్ దగ్గరికి వెళ్లి, ఆ తెర తీసి నీ బొమ్మ చూపించు అన్నాడట. తెరే బొమ్మ! పక్షుల్ని మోసం చేసినవాడు మనుషుల్ని మోసం చేసినవాడి ముందు తలవంచాడు.

హెర్కులేనియం గోడల మీద దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం వేసిన పీచ్ పళ్లు, నీళ్లున్న గాజు జాడీ నేటికీ తాజాగా ఉన్నాయి! క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ఊరిని కప్పేసి బొమ్మని కాపాడింది. ఇప్పుడవి నేపుల్స్ మ్యూజియంలో ఉన్నాయి.

పుచ్చిన ఆపిల్ కరెన్సీ నోటెక్కిందంటే నమ్ముతారా? కరవాజ్జో పళ్లబుట్టలో పురుగు తొలిచిన ఆపిల్, ఎండిన ఆకులు స్పష్టంగా కనిపిస్తాయి. ఇటలీవాళ్లు 1994లో ఆ బుట్టని తమ లక్ష లీరాల నోటు వెనక అచ్చేశారు!

పుచ్చకాయ చరిత్ర చదవాలంటే పుస్తకాలక్కర్లేదు, బొమ్మ చాలు! పదిహేడో శతాబ్దంలో జొవాన్ని స్తాంకీ వేసిన కోసిన పుచ్చకాయలో తెల్లటి సుడులు, మధ్యమధ్య కాస్త ఎరుపు. మూడున్నర శతాబ్దాల్లో రైతులు ఏరి ఏరి విత్తి ఎరుపుని ఎంత పెంచారో విద్యార్థులకి చెప్పడానికి ఉద్యానశాస్త్ర ఆచార్యులు ఈ బొమ్మనే చూపిస్తారు.

పాత డచ్ పూలకుండీల్లో ఒక అబద్ధం ఉంది, పట్టుకోగలరా? తులిప్, గులాబీ, ఇంకా ఏవేవో పూలు, అన్నీ ఒకేసారి విచ్చుకుని ఉంటాయి. తోటలో అవి వేర్వేరు నెలల్లో పూస్తాయి! అసాధ్యమైన ఆ గుత్తిని దుబాయ్ సూపర్‌మార్కెట్ నిజం చేసేసింది: అన్ని కాలాల పళ్లూ పూలూ విమానాల్లో దిగి ఒకే అరలో పక్కపక్కన కూర్చుంటాయి.

యాన్ ఫాన్ హోయ్సమ్ మాత్రం అబద్ధం ఆడలేదు. పసుపు గులాబీ దొరకలేదు కాబట్టి ఈ ఏడాది బొమ్మ పూర్తికాదని కొనేవాళ్లకి ఉత్తరం రాశాడు! ఒక్క పువ్వు కోసం మళ్లీ వసంతం దాకా ఆగడమే.

పూలకుండీ పరిమాణం ఎంతుండాలి? దుబాయ్ మిరకిల్ గార్డెన్‌ని అడిగితే, విమానమంత అంటుంది! అక్కడ ఎమిరేట్స్ ఎ380 విమానం నిజమైన కొలతలతో 5 లక్షలకి పైగా పూలూ మొక్కలతో తయారై 2016లో గిన్నిస్‌కెక్కింది. రెక్కల చివర నుంచి చివరకి దాదాపు 80 మీటర్లు. ఎగరని విమానం కాబట్టి దీన్నీ స్టిల్ లైఫ్ కింద నేను కలిపేసుకుంటున్నా.

నీళ్లు పోయకుండా వాడని పూలు కావాలంటే అబుదాబి షేక్ జాయెద్ మసీదు ప్రాంగణానికి వెళ్లండి. సుమారు 17,000 చదరపు మీటర్ల పాలరాతిలో లిల్లీలు, తులిప్‌లు, ఐరిస్ పూలు పొదిగారు. రెండు ఫుట్‌బాల్ మైదానాలు పరిచినా ఇంకా పూలు మిగులుతాయి!

వాన్‌గో పొద్దుతిరుగుడు పూలు కుండీలో ఉండగానే రంగు మారుతున్నాయి! ఆయన వాడిన క్రోమ్ పసుపు రంగు వెలుతురు తగిలి గోధుమరంగుకి తిరుగుతుందని ఎక్స్‌రే పరీక్షల్లో తేలింది. ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం తన బొమ్మని ఇక ప్రయాణాలకే పంపనని 2019లో తేల్చేసింది.

సెల్ఫీలు ఎప్పుడు పుట్టాయి? 1612లోనే! క్లారా పీటర్స్ అనే చిత్రకారిణి వేసిన బంగారు గిన్నె బుడిపెల మీద బుల్లి బుల్లి ప్రతిబింబాలుగా తన ముఖాన్ని కనీసం ఆరుచోట్ల దాచింది. స్పెయిన్‌లోని ప్రాదో మ్యూజియం మొట్టమొదటిసారి ఒక చిత్రకారిణి పేరు మీద ప్రదర్శన పెట్టింది ఈవిడకే, 2016లో. నాలుగు శతాబ్దాలు ఆలస్యం!

ఇటలీ చిత్రకారుడు జార్జో మొరాండీ (1890–1964) జీవితమంతా దాదాపు అవే సీసాలు, అవే డబ్బాలు వేస్తూ వెయ్యికి పైగా చిత్రాలు చేశాడు! మనం సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినట్టు ఆయన ఏడాది పొడవునా సీసాల కొలువు పెట్టి, ఒకదాన్ని అటు జరిపి, ఇంకోదాన్ని ఇటు జరిపి చూసుకునేవాడు. వాటి మీద దుమ్ము కూడా దులపనిచ్చేవాడు కాదు, దుమ్ముకీ ఒక రంగు ఉంటుందని! ఇసుక గాలి వీచే షార్జాలో ఉండి ఉంటే ఆయనకి పండగే.

కెమెరాకి తొలి మోడల్ ఎవరు? కదలనివాళ్లే! 1837లో దగేర్ తీసిన తొలినాటి ఫొటోలో ఉన్నవి ప్లాస్టర్ బొమ్మలు, అల్లిక చుట్టిన సీసా, గోడకి తగిలించిన చిత్రం. ఒక్క ఫొటోకి నిమిషాలకి నిమిషాలు పట్టే రోజుల్లో మనిషైతే కదిలి మసకైపోతాడు మరి.

వాడని పూలు వాట్సాప్‌లో మీకూ రోజూ వస్తున్నాయా? డేవిడ్ హాక్నీ 2009లోనే ఐఫోన్ మీద వేలితో పూలు గీసి పొద్దున్నే స్నేహితులకి పంపేవాడు! తేడా ఒక్కటే: ఆయనవి దాచుకున్నవాళ్లు అదృష్టవంతులు.

పండు మాట ఎత్తి ఖర్జూరం ఊసెత్తకపోతే అరబ్బులు ఊరుకోరు. అబుదాబి దగ్గర దల్మా ద్వీపంలో దాదాపు 7,000 ఏళ్ల నాటి ఖర్జూర గింజలు దొరికాయి! పండు తిని గింజ ఉమ్మేసిన ఆ మహానుభావుడు చరిత్రకెక్కుతానని కలగని ఉండడు.

అల్ ఐన్ ఒయాసిస్‌లో 1,47,000 ఖర్జూరపు చెట్లు! వేసవిలో లివా పండగలోనైతే పళ్లకి అందాల పోటీ కూడా జరుగుతుంది. రంగు, పరిమాణం, మచ్చలేనితనం చూసి ఖలాస్, దబ్బాస్, ఫర్ద్ రకాలకి బహుమతులిస్తారు. న్యాయనిర్ణేతలు నిజంగానే పళ్లెం ముందు చిత్రకారుల్లా కళ్లు చిట్లించి చూస్తారు.

హైదరాబాద్‌వాళ్లు గొప్పగా చెప్పుకునే బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్లవే! అబుదాబి దగ్గర మరవా ద్వీపంలో దొరికిన ముత్యం వయసు సుమారు 8,000 ఏళ్లు. గింజంత ముత్యాన్ని 2019లో అబుదాబి లూవ్ర్‌లో ప్రదర్శనకి పెట్టారు.

దుబాయ్‌లో రెండు ఉంగరాల కథ చెప్పనా? ఒకటి సరూక్ అల్ హదీద్ ఎడారి తవ్వకాల్లో దొరికిన పురాతన బంగారు ఉంగరం. ఎక్స్‌పో 2020 గుర్తు దాన్ని చూసి గీసిందే. రెండోది దేరా గోల్డ్ సూక్ అద్దాల్లో మెరిసే ఉంగరం, బరువు సుమారు 64 కిలోలు! దీన్ని వేలికి కాదు, నడుముకి పెట్టుకోవాలి.

మెరుపుల్లో దాన్ని మించింది డేమియన్ హర్స్ట్ పుర్రె: 2007లో ప్లాటినం పోతపోసి 8,601 వజ్రాలు పొదిగాడు! పాత డచ్ బొమ్మల్లో పూలపక్కన, పుస్తకాల పక్కన పుర్రె పెట్టడం ఆనవాయితీ. హర్స్ట్ మిగతావన్నీ తీసేసి పుర్రెని ఒక్కదాన్నే ఉంచాడు.

చైనా కళాకారుడు ఐ వేవే 2010లో లండన్‌లో పరిచిన పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు 10 కోట్లు! సుమారు 1,600 మంది చేత్తో రంగులేశారు. ఎమిరేట్స్‌లో ఉన్న కోటి మందికీ పంచితే తలకి పదేసి వస్తాయి, కొరికితే మాత్రం పళ్లు పోతాయి.

పళ్లబుట్ట మూడు నిమిషాల పైచిలుకులో కుళ్లడం చూస్తారా? 2001లో సామ్ టేలర్-వుడ్ తీసిన వీడియో అదే! వారాల తరబడి తీసిన దృశ్యాల్ని దగ్గరికి చేర్చితే పళ్లు నల్లబడి, బూజు పట్టి, కూలిపోతాయి. పక్కనున్న చవక ప్లాస్టిక్ పెన్నుకి ఏమీ కాదు!

ఇక ఓరి గెర్ష్ట్‌కి అంత ఓపిక లేదు. పూలగుత్తిని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి ఠపీమని పేల్చేసి, ఆ పేలుడుని ఫొటో తీశాడు! రేకలు గాజుముక్కల్లా గాలిలో ఆగిపోతాయి.

మిగిలింది అరటిపండే. 2019లో మౌరిజియో కాతెలాన్ అరటిపండుని గోడకి టేపుతో అంటించి 1,20,000 డాలర్లు అన్నాడు. 2024 నవంబర్‌లో న్యూయార్క్ వేలంలో అదే కళాఖండం 62 లక్షల 40 వేల డాలర్లు పలికింది! వేలానికి ముందు అరటిపండు ఊరేగిన నగరాల్లో దుబాయ్ కూడా ఉంది.

దిర్హమ్‌లలో చెప్పాలంటే దాదాపు 2 కోట్ల 29 లక్షలు. వేలంనాటి పండుని కొన్నది 35 సెంట్లకి. ఆ లెక్కన వేలం డబ్బుతో 1 కోటీ 78 లక్షల అరటిపళ్లు వస్తాయి! ఎమిరేట్స్‌లో పిల్లా పెద్దా అందరికీ తలో పండూ పంచి, మిగిలినవి ఏ సత్రంలోనో పప్పన్నం తర్వాత వడ్డించొచ్చు.

కొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ కొద్దిరోజులకే విలేకరుల ముందు తొక్క ఒలిచి పండు తినేశాడు! దానివల్ల ఆయనకి నష్టమేమీ లేదు. కొన్నవాళ్లకి వచ్చేది ఒక ధ్రువపత్రం, పండుని నేల నుంచి 175 సెంటీమీటర్ల ఎత్తున ఎలా అంటించాలో చెప్పే సూచనలు. ఆ తర్వాత అరటిపండు ఎవరిది వాళ్లే తెచ్చుకుని, వారం పది రోజులకోసారి మార్చుకోవాలి. బేరమాడటం మాత్రం మర్చిపోకండి!